ఒక్క సంచీతో కొల్లేరు

కాశీ వెళ్ళినవాళ్ళు, రామేశ్వరం వెళ్ళినవాళ్ళు రాసుకున్న యాత్రా పుస్తకాలు మా ఇంట్లో ఒకప్పుడు రెండు ఉండేవి. వాటిని మా వారు ఎవరికో ఇచ్చేశారు. అందుకని యాత్ర గురించి ఎలా రాయాలో చూసి నేర్చుకునే వీలు లేకపోయింది. నాకు తోచినట్టు రాస్తున్నాను. నేను వెళ్ళింది కాశీకి కాదు, కొల్లేటికి. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, అక్కణ్ణించి కొల్లేటి లంక, కైకలూరు మీదుగా వెనక్కి. పటంలో బొటనవేలు పెడితే కప్పబడిపోయేంత దూరం. కానీ బయల్దేరేటప్పుడు నేను మళ్ళీ మా ఇంటికి వస్తానో రానో నాకు తెలియదు. ఈ మాట కాశీ వెళ్ళినవాళ్ళూ అంటారు గానీ వాళ్ళ కారణం వేరు.

తాడేపల్లిగూడెం

మాది గూడెం బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు. పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరం, బోలెడంత ఇత్తడి. కిందటి వానాకాలంలో ఒక ఉపన్యాసకుడు వచ్చి, మనిషికి నిజంగా కావలసినవన్నీ ఒక్క సంచీలో పడతాయని, తక్కినదంతా మోతబరువేనని బజారు మధ్య నిలబడి పొద్దుగూకేదాకా చెప్పాడు. ఆయనకు సొంతమంటూ ఏమీ లేదు గనక మా ఇంట్లోనే దిగాడు. మా మంచం మీద పడుకుని, మా గొడుగు వేసుకు తిరిగి, మా పెరుగు తిని, వారం తర్వాత వెళ్ళాడు. గొడుగు కూడా వెళ్ళింది.

ఆయన పోయాక ఇంట్లో సామాను తగ్గడం మొదలుపెట్టింది. ముందు బిందె పోయింది. తర్వాత నీళ్ళు కాచే కాగు, పళ్ళేలు, గంగాళం. మా వారు అడిగినవాళ్ళకీ ఇచ్చారు, అడగనివాళ్ళకీ ఇచ్చారు. చిత్రమేమిటంటే కొట్లో చెంబు ఒక్కటి కదల్లేదు. ఇదేమిటని అడిగాను.

“కొట్లోది సరుకు, ఇంట్లోది సొత్తు. వదులుకోవలసింది సొత్తునే,” అన్నారు.

ఆయన పడక కుర్చీ, పొడుం డబ్బా, గొలుసు గడియారం మాత్రం సరుకూ కాదు, సొత్తూ కాదు. అవి అవసరాలట. పోయినవన్నీ నా పెళ్ళికి మా పుట్టింటివాళ్ళు పెట్టిన సారె సామాన్లు. ప్రతిదాని అంచు మీదా మా నాన్న దగ్గరుండి నా పేరు చెక్కించాడు, సుభద్రమ్మ అని గుండ్రటి అక్షరాలతో.

ఇత్తడి అయిపోయాక నా వంతు వచ్చింది. ఒకరోజు అన్నం తింటూ, “కొల్లేట్లో ఒక లంక మీద పాక మాట్లాడాను. ఇక అక్కడ ఒక్కణ్ణే ఉంటాను. నువ్వు తణుకులో మీ తమ్ముడి దగ్గర ఉందువుగాని,” అన్నారు. మజ్జిగ పొయ్యమని అడిగినంత మామూలుగా అన్నారు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఏడిస్తే బంధం అంటారని ఏడవలేదు. “ముందు ఆ లంక నాకు చూపించండి. నన్ను దేనికోసం వదిలేస్తున్నారో నేను కూడా చూడాలి కదా,” అన్నాను. న్యాయంగానే ఉందనుకున్నారు. వచ్చేటప్పుడు రైలు ఎలాగూ తణుకు మీదుగానే వస్తుంది గనక, స్టేషనుకు బండి కట్టుకు రమ్మని మా తమ్ముడు వెంకటరత్నానికి కబురు పంపారు. ఎటు తిరిగీ నన్ను దారిలో దింపెయ్యడానికి వీలుగా ఉండే యాత్ర అన్నమాట.

మనిషికొక సంచీ చొప్పున బయల్దేరాం. నా సంచీలో ఆయనకు తెలియకుండా ఒక చిన్న ఆవకాయ జాడీ పెట్టుకున్నాను.

ఏలూరు

ఏలూరు స్టేషనులో దిగితే జట్కావాళ్ళు మన చేతిలో సంచీ లాక్కుని ఎక్కించుకుంటారు. మా సంచీలు చూసి, “సామాను వెనక వస్తోందా అండీ?” అని అడిగారు. ఇంతేనని చెబితే బేరం సగానికి దిగింది. సాదాగా బతకడంలో నాకు కనిపించిన మొదటి లాభం అదే.

కాలవ ఒడ్డున కాఫీ హోటలుకు వెళ్ళాం. ఇడ్లీ జత అర్ధణా. మా గూడెంలోనూ అంతే గానీ మా ఇడ్లీ ఇక్కడి ఇడ్లీకి అన్నలా ఉంటుంది. చట్నీ మాత్రం ఏలూరువాళ్ళదే బాగుంది, రెండోసారి అడిగినా మొహం మాడ్చుకోకుండా వేశారు. అక్కణ్ణించి తివాచీలు నేసే వీధి చూడబోయాం. మగ్గం ముందు కూర్చున్న సాయిబుగారితో మా వారు, తాను తివాచీలు కొనే దశ దాటిపోయానని చెప్పుకొచ్చారు. “అలాగేనండీ. కొనకపోతే పోయారు, ఎండన పడి వచ్చారు, కాసేపు దీనిమీద కూర్చోండి,” అన్నాడాయన. కూర్చున్నాం. మెత్తగా ఉంది. మా వారు లేవడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం మా ఆడపడుచు రాజేశ్వరమ్మ ఇంట్లో భోజనం. విస్తళ్ళు తీశాక ఆవిడ లోపలికి వెళ్ళి నా బిందె తెచ్చి నా ముందు పెట్టింది. మా వారు వినాయకచవితికి ఆవిడకు ఇచ్చేసిన బిందె.

“వదినా, నీకు పుణ్యముంటుంది, ఇది తీసుకుపో. దీనిమీద నీ పేరు చూసి మా అత్తగారు ఊరంతా చాటుతోంది, అన్నయ్య కొట్టు దివాలా తీసిందనీ, అప్పులవాళ్ళకు దొరక్కుండా సామాన్లు నా ఇంట్లో దాచుకున్నాడనీ.”

“నేను మనస్ఫూర్తిగా ఇచ్చానమ్మా,” అన్నారు మా వారు.

“మనస్ఫూర్తిగా ఇచ్చేవాడివి కొట్లోంచి కొత్తది ఇవ్వకపోయావా అన్నయ్యా?”

“అది సరుకమ్మా.”

రాజేశ్వరమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ఖాళీ పాత్ర తిరిగి ఇచ్చే అలవాటు మా వైపు లేదు కదా, ఆవిడ బిందె నిండా సున్నుండలు పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. మనిషికొక సంచీతో ఏలూరు వచ్చి, మనిషికొక సంచీ, ఒక బిందెతో ఏలూరు దాటాం.

కొల్లేటి దారి

ఏలూరు నుంచి కొల్లేటి గట్టు దాకా ఒంటెద్దు బండి. దారి పొడుగునా మాగాణి, ఊరు ఊరుకీ ఒక గానుగ, బెల్లం వాసన. బండివాడు నా ఒళ్ళో బిందె చూసి, పురిటికి తీసుకెళుతున్న సున్నుండలా అని అడిగాడు. కాదు, అన్నీ వదులుకోవడానికి వెళుతున్నామన్నాను. వాడు నా వంకా, బిందె వంకా చూసి ఎద్దును అదిలించాడు.

గట్టు మీద ఊళ్ళోనే మా పాత గుమాస్తా అప్పారావు ఇల్లు. మమ్మల్ని చూడగానే గుమ్మంలోంచే వెనక్కి పరుగెత్తాడు. దాక్కున్నాడేమో అనుకున్నాను. కాదు, నా కాగు మోసుకుంటూ వచ్చాడు.

“సమయానికి వచ్చారండి, దేవుడల్లే వచ్చారు. మొన్న ఊళ్ళో దొంగతనం జరిగితే మునసబుగారు ఇల్లిల్లూ వెతికించారండి. మా వంటింట్లో అమ్మగారి పేరున్న కాగు బయటపడింది. మీరే ఇచ్చారంటే ఒక్కడు నమ్మితే ఒట్టండి. ‘ఇత్తడి కొట్టు శెట్టిగారు నీకు ఊరికే కాగు ఇచ్చాడా?’ అని పదిమందిలో నవ్వారండి.”

మా వారు అప్పటికప్పుడు మునసబుగారింటికి వెళ్ళి, ఇచ్చింది తానేనని సాక్ష్యం చెప్పి వచ్చారు. మునసబుగారు మర్యాదగా విన్నారట. విని, ఒంట్లో కులాసాగా ఉంటోందా అని అడిగారట. తిరిగి వచ్చేసరికి అప్పారావు భార్య కాగు నిండా కొత్తబెల్లం దిమ్మలు సర్దేసింది. వద్దంటే ఊరుకోలేదు. కాగు మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

లంక

ఆ లంక పేరు రాయొద్దని అక్కడివాళ్ళు నన్ను అడిగారు. రాస్తే గిన్నెలు వదిలించుకునేవాళ్ళంతా వస్తారని వాళ్ళ భయం.

గట్టు దగ్గర దోనె ఎక్కితే ముందు తుంగ, తర్వాత తామరాకులు, ఆ తర్వాత నీళ్ళే నీళ్ళు. మాఘమాసం గనక నీరు తీసి ఉంది. దోనె నడిపే సోమయ్య గెడ వేస్తే అడుగు బురద తగులుతూనే ఉంది. గేదెలు మెడదాకా మునిగి ఈదుకుంటూ మేతకు పోతున్నాయి. సంచీ ముక్కు పక్షులు గుంపులు గుంపులుగా కూర్చున్నాయి. వాటికి సంచీ ఒంట్లోనే ఉంది, వేరే మోసుకోనక్కర్లేదని మా వారు మెచ్చుకున్నారు. ఆ సంచీ నిండా పక్కవాళ్ళ చేపలేనని సోమయ్య చెప్పాడు.

లంక అంటే నీళ్ళ మధ్య మెరక, దాని మీద ఇరవయ్యో ముప్పయ్యో పాకలు. మా వారికి పాక మాట్లాడిపెట్టింది అక్కడి మిషను బడి పంతులు యోహాను మాస్టారు. ఒకసారి తమ ప్రార్థన గుడికి గంట కొనడానికి మా కొట్టుకు వచ్చి, గంటతోపాటు నా గంగాళం కూడా ఇప్పించుకుని వెళ్ళినవారు. ఆయన భార్య సువార్తమ్మ. వాళ్ళింట్లో నేల మీద ఏమీ ఉండదు. చాపలు, కుండలు, బట్టల మూట, బైబిలు, అన్నీ ఉట్లమీదో అటకమీదో ఉంటాయి. మా వారు పాక మధ్య నిలబడి ఆ ఖాళీ నేలను చూసి పరవశించిపోయారు.

“చూశావా? ఎంత హాయిగా బతుకుతున్నారో,” అన్నారు నాతో.

సువార్తమ్మ మర్యాదస్తురాలు. మెల్లగా అంది, “అది హాయి కాదండి, నీళ్ళండి. వానలొస్తే ఇంట్లోకి కొల్లేరు వస్తుంది. కింద పెట్టినవి పట్టుకుపోతుంది. నీళ్ళు తీశాక మళ్ళీ కొనుక్కుంటామండి. నాకు ఒక నిలువుటద్దం కొనుక్కోవాలని ఎన్నాళ్ళ నుంచో ఉందండి. మీ ఇంట్లో ఉందాండి?”

ఉందన్నాను. ఎంత పొడుగని అడిగింది. చెయ్యెత్తి చూపించాను. దానికి చట్రం టేకుదా, అద్దంలో మొహం సాగినట్టు కనిపిస్తుందా, చీర కుచ్చెళ్ళు కూడా కనిపిస్తాయా అని అడిగింది. మా వారు సాదా జీవనం గురించి మొదలుపెట్టిన ఉపన్యాసం కుచ్చెళ్ళ దగ్గర ఆగిపోయింది.

తర్వాత సువార్తమ్మ నన్ను అటక కిందికి తీసుకెళ్ళి, గుడ్డ చుట్టి భద్రంగా పెట్టిన నా గంగాళం చూపించింది.

“పిల్లల మంచినీళ్ళకని మాస్టారు తెచ్చారండి. నేనే వాడనివ్వలేదు. మీ పేరుంది కదండీ. అయ్యగారు ఇచ్చారన్నారు గానీ మీరు ఇచ్చారో లేదో తెలియదు. ఆడదాని సారె సామాను ఆవిణ్ణి అడక్కుండా ఎలా ఉంచుకుంటామండి?”

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మనిషి ఆవిడ ఒక్కర్తే. “నేను ఇస్తున్నాను, ఉంచుకోండి,” అన్నాను. పిల్లలకు నీళ్ళ కుండలు చల్లగా ఉంటాయనీ, ఇత్తడి తోమడానికి తనకు ఓపిక లేదనీ, ఇవ్వదలిస్తే అద్దం ఇమ్మనీ చెప్పి గంగాళం నాకే అప్పగించింది.

మా వారు తన పాకలో చేరారు. ఒంటరిగా ఉండి చూడాలన్నారు. నేను మాస్టారింట్లో ఉన్నాను. నాకోసం సువార్తమ్మ వసారాలో వేరే పొయ్యి పెట్టి, వేరే కుండ, బియ్యం ఇచ్చింది. మొదటిరోజు ఆచారంగా నేనే వండుకున్నాను. రెండోరోజు ఆవిడ గుమ్మడికాయ పులుసు వాసన వచ్చాక ఆచారం నిలవలేదు. ఆవిడ కుండలోదే వడ్డించుకుని, నా ఆవకాయ ఆవిడకు వేసి, ఇద్దరం కడుపుబ్బ నవ్వుకుంటూ తిన్నాం. లంక గేదె పెరుగు చాకుతో కోసినట్టు తెగుతుంది. ఈ ముక్క మా ఏలూరు చుట్టాలు చదవకుండా పేజీ తిప్పేస్తే మంచిది.

మా వారి పాకలోంచి పొగ వస్తూనే ఉంది. వెళ్ళి చూద్దామని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. ఒంటరిగా ఉంటానన్న మనిషిని ఉండనివ్వాలి కదా. ఆ సాయంత్రం ఆయన నీళ్ళ ఒడ్డున కూర్చుని గిన్నె అడుగున పాత మాడు గీకుతుంటే అప్పుడు పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

“అన్నీ వదిలేస్తున్నారు కదా, కొట్టు ఎవరికిస్తున్నారు?” అని అడిగాను.

“ఇంకా అనుకోలేదు.”

“నాకివ్వండి.”

గీకడం ఆగింది. “నువ్వు కొట్లో కూర్చుంటావా?”

“కూర్చుంటాను. ఇన్నేళ్ళూ మీ బేరాలన్నీ వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. పాత ఇత్తడికి తరుగు ఎంత తియ్యాలో నాకు తెలుసు. మీరు కొంచెం ఎక్కువే తీస్తారు.”

“జనం ఏమనుకుంటారు?”

“అన్నీ వదిలేసినవారికి జనంతో పనేమిటండి?”

ఆయన మళ్ళీ గిన్నె గీక్కున్నారు. మాడు పోయాక కూడా గీకుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న తిరుగు ప్రయాణానికి నేను రేవుకు వెళ్ళేసరికి మా వారు నాకంటే ముందే సంచీతో దోనెలో కూర్చుని ఉన్నారు. ఎందుకో చెప్పలేదు. నేను గల్లా ముందు కూర్చోకుండా ఆపడానికి వస్తున్నారని మాత్రం అర్థమైంది. కొట్టు కోసం మనిషి తిరిగి వస్తున్నాడు, సరే. మరి నేను? తణుకు కబురు కబురుగానే ఉంది.

కైకలూరు వైపు

బయల్దేరేముందు సోమయ్య సిగ్గుపడుతూ ఒక చెంబు తెచ్చాడు. అది కూడా నాదే, మాస్టారితో గంగాళం మోసుకొచ్చినప్పుడు మా వారు వాడికీ ఇచ్చారట. దాని నిండా నీళ్ళు, నీళ్ళలో బతికున్న కొర్రమీను. ఖాళీ చెంబు ఇవ్వకూడదని వాడికీ తెలుసు, మేము చేపలు తినమని మాత్రం తెలియదు. వాడి మనసు నొప్పించలేక పుచ్చుకున్నాం. లంక కనుమరుగయ్యాక వాడు అటు తిరిగి గెడ వేస్తుండగా మా వారు చేపను మెల్లగా నీళ్ళలోకి వదిలేశారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన నిజంగా మనస్ఫూర్తిగా వదులుకున్నది అదొక్కటే.

నడి కొల్లేట్లో దోనె బురదలో కూరుకుపోయింది. మునిగిపోతామని నేను దేవుళ్ళందరినీ తలుచుకుంటుంటే సోమయ్య, “మొల లోతేనండి. బరువెక్కువైంది. ఇత్తడైనా దిగాలి, మనుషులైనా దిగాలి,” అన్నాడు. బిందె, కాగు, గంగాళం దోనె మధ్య పెళ్ళివారిలా కూర్చుని ఉన్నాయి. నన్ను దిగమంటారేమో అని మా వారి వంక చూశాను. ఆయన పంచె ఎగ్గట్టి తనే దిగారు. మోకాళ్ళదాకా బురదలో దిగబడుతూ, ఆయాసపడుతూ, తాను ఇచ్చేసిన సామాన్లన్నింటినీ తానే కైకలూరు వైపు నెట్టుకొచ్చారు. నాకు నవ్వు ఆగలేదు. గొలుసు గడియారం నీళ్ళలో నానిపోయి నిలిచిపోయింది. ఇక అదీ అవసరం కాదు.

కైకలూరులో చిన్న పట్టాల రైలుబండి ఎక్కాం. భీమవరంలో దిగి పెద్దబండి మారాలి. అక్కడ కూలీ మా సామాను చూసి, “పెళ్ళి ఏ ఊళ్ళో అండీ?” అని అడిగాడు.

తణుకు

అత్తిలి దాటింది, ఇక వచ్చేది తణుకే. ఆయన ముందు బేలగా కనిపించకూడదని సంచీ ఒళ్ళో పెట్టుకుని, దిగడానికి తయారుగా ఉన్నట్టు నిటారుగా కూర్చున్నాను. భయమేసిందని ఇప్పుడు రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. చాలా భయమేసింది.

తణుకు స్టేషనులో వెంకటరత్నం నిలబడి ఉన్నాడు. వెర్రివాడు, కంచె బయట బండిలో నాకోసం మెత్తగా గడ్డి వేయించి పైన దుప్పటి పరిపించాడు. రైలుపెట్టె దగ్గరికి వచ్చి, “మెల్లగా దిగు అక్కయ్యా,” అని చెయ్యి చాపాడు.

నేను లేచాను. నాకంటే ముందు మా వారు లేచి వాడి చేతుల్లో గంగాళం పెట్టారు. తర్వాత కాగు అందించారు. తర్వాత బిందె, చెంబు. వాడు ఒక్కొక్కటే కింద పెట్టి మళ్ళీ చెయ్యి చాపుతున్నాడు. ఆఖరిది అందించి ఈయన తలుపు వేసేశారు.

“బావగారూ, అక్కయ్య దిగలేదండి,” అన్నాడు వాడు.

“అక్కయ్య దిగదు.”

“మరి కబురు పంపారు కదండీ, బండి తెమ్మని?”

“సామానుకి తెమ్మన్నాను,” అన్నారు మా వారు, మొహంలో ఒక్క రేఖ కూడా మారకుండా. “మీ నాన్న పెట్టినవే. జాగ్రత్తగా తీసుకెళ్ళు.”

రైలు కదిలింది. గంగాళం పక్కన నోరు తెరుచుకు నిలబడ్డ మా తమ్ముడు వెనక్కి వెళ్ళిపోయాడు. ఈసారి కూడా నా సామాను నన్ను అడక్కుండానే ఇచ్చేశారన్న సంగతి నాకు చాలాసేపటికి గాని తట్టలేదు. తట్టాక కూడా పోట్లాడాలనిపించలేదు.

“అంత గట్టిగా అనుకున్నవారు, ఎందుకు మారిపోయారు?” అని అడిగాను చివరికి.

ఆయన పొడుం డబ్బా తీసి, పీల్చకుండానే మూత పెట్టారు. “మొదటిరోజు అన్నం మాడింది. రెండోరోజు బాగానే ఉడికింది. ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే తినబుద్ధి కాలేదు. గిన్నె పట్టుకుని నీ దగ్గరికి వచ్చాను.”

“ఎప్పుడొచ్చారు? నేను చూడలేదే.”

“మాస్టారి గుమ్మం దాకా వచ్చాను. నువ్వు సువార్తమ్మతో కలిసి తింటూ నవ్వుతున్నావు. మనింట్లో నువ్వు అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. లోపలికి రావడానికి మొహం చెల్లక వెనక్కి వెళ్ళిపోయాను.”

గూడెం బండి మారాల్సిన నిడదవోలు వచ్చేదాకా ఇద్దరం ఒకే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.